చెట్టు, తెర, నడుమ ముడి
ట్రీ కంట్రోలరు గుణదోష విచారణ

ఉన్నత పాఠశాలలో వృక్షశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు నల్లతుమ్మను పరిచయం చేయనక్కరలేదు. చెరువుగట్ల మీద, పొలాల అంచుల వెంట పెరిగే ఈ చెట్టును చాలకాలం మన పుస్తకాలలో అకేసియా నిలోటికా అని వ్రాసుకున్నాము. పాత అకేసియా ప్రజాతిని శాస్త్రజ్ఞులు అనేక ప్రజాతులుగా విడదీసినప్పుడు, ఆ పేరు ఏ భాగానికి మిగలాలనే వివాదం వచ్చింది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియా జాతులకు విడిచిపెట్టింది. 2011లో మెల్‌బోర్న్ మహాసభ ఆ నిర్ణయాన్నే నిలిపింది. దానితో మన నల్లతుమ్మ వాచెలియా నిలోటికా అయింది; సండ్రచెట్టు సెనెగాలియా కాటెచు అయింది. చెట్టు మాత్రం గట్టున ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది. వర్గీకరణలో దాని చోటు మారింది, అంతే.

పుస్తకంలో ఈ మార్పు చేయడానికి ఎర్రసిరా చాలును. కంప్యూటరు తెర మీద చేయవలసి వస్తే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. కొమ్మను ఒక చోటినుంచి తీసి మరొక చోట అంటించినప్పుడు, లోపల భద్రపరచిన సమాచారమూ తెర మీద కనిపించే పట్టికా ఒకటిగానే ఉంటాయా? ఉపాధ్యాయుడు సండ్రచెట్టును ఎంచుకొని “తొలగించు” మీట నొక్కితే పోయేది సండ్రచెట్టేనా, లేక ఇప్పుడు దాని పాతచోట కూర్చున్న మరొక చెట్టా? ఆపిల్ సంస్థ మాకింటోష్ కంప్యూటర్ల ప్రోగ్రాముల కోసం 2005లో ఇచ్చిన ట్రీ కంట్రోలరు అనే సాధనాన్ని ఈ ప్రశ్నతో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకొనే విద్యార్థికి ఈ పరీక్ష ఆ ఒక్క సాధనాన్ని మించి ఉపయోగపడుతుందని మా నమ్మకం.

అవుట్‌లైన్ వ్యూ అంటే ఏమి?

పాఠ్యపుస్తకంలోని విషయసూచికను తలచుకోండి. పెద్ద అక్షరాలలో అధ్యాయం పేరు, దాని క్రింద కొంచెం లోపలికి జరిపి ప్రకరణాల పేర్లు, ఇంకా లోపలికి ఉపప్రకరణాలు. ఈ సూచికలో ప్రతి అధ్యాయానికీ ప్రక్కన ఒక చిన్న త్రిభుజం గుర్తు పెట్టి, దాన్ని నొక్కితే లోపలి పేర్లు తెరుచుకొనేటట్లు, మళ్ళీ నొక్కితే ముడుచుకొనేటట్లు చేస్తే అదే అవుట్‌లైన్ వ్యూ. ఫోల్డరులో ఫోల్డరు, అందులో ఫైలు కనిపించే పట్టిక చాలమంది చూసినదే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చేసిన ప్రసిద్ధ ప్రదర్శనలో, బజారులో కొనవలసిన సరకుల జాబితాను తెర మీద తరగతులుగా విభజించి, వివరాలను ముడిచి, తెరిచి చూపించాడు. మాకింటోష్‌లో నేడు ఈ పని చేసే భాగం పేరు ఎన్‌ఎస్ అవుట్‌లైన్‌వ్యూ. ఆ ముందరి రెండక్షరాలు నెక్స్ట్ అనే సంస్థ తయారుచేసిన నెక్స్ట్‌స్టెప్ వ్యవస్థనుంచి వచ్చినవి. ఆ సంస్థను కొనడానికి ఆపిల్ 1996లో నిశ్చయించింది.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. సమాచారం వేరు, దాన్ని చూపే పట్టిక వేరు. నార్వే దేశస్థుడైన ట్రిగ్వె రీన్‌స్కౌగ్ 1979లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో ఉండగా ఈ భేదానికి స్పష్టమైన రూపం ఇచ్చాడు. సమాచారాన్ని ఉంచుకొనేది ఒకటి, చూపేది ఒకటి, రెంటి నడుమ నడిపించేది ఒకటి అని మూడు భాగాలు చేశాడు. మనం విచారించే సాధనం ఈ మూడవ కోవకు చెందినది. వర్గీకరణ ఒక ప్రక్క, అవుట్‌లైన్ వ్యూ మరొక ప్రక్క. నడుమ ముడి ఎట్లా వేయాలి?

ప్రశ్నోత్తరాల పద్ధతి

పాత పద్ధతి ప్రశ్నోత్తరాల పద్ధతి. అవుట్‌లైన్ వ్యూకు తనంతట తాను ఏమీ తెలియదు. ప్రోగ్రాము వ్రాసేవారు దానికి ఒక సమాధానకర్తను నియమించాలి. ఇతనికి డేటా సోర్సు అని పేరు. పట్టిక ఇతనిని ముఖ్యంగా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఈ వస్తువుకు పిల్లలు ఎందరు? ఇన్నవ పిల్ల ఎవరు? ఈ వస్తువును తెరవడానికి వీలున్నదా? దీని పేరుగా తెర మీద ఏమి చూపాలి? మొట్టమొదట, ఏ వస్తువూ చేతిలో లేనప్పుడు, పట్టిక శూన్యాన్ని చూపించి “దీని పిల్లలు ఎందరు?” అంటుంది. అది మూలాన్ని గురించిన ప్రశ్న అని గ్రహించి జవాబు చెప్పాలి.

ఈ పద్ధతిలో రెండు సుగుణాలు ఉన్నవి. మొదటిది, ముడుచుకొని ఉన్న కొమ్మ లోపల ఏమున్నదో పట్టిక అడగదు. లక్ష జాతులున్న వర్గీకరణలో ఇరవై వరుసలు మాత్రమే తెర మీద ఉంటే పని ఆ ఇరవైకి దగ్గరలోనే ఉంటుంది. రెండవది, నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు వ్రాసిన విద్యార్థికి చెట్టు అనే నిర్మాణం చక్కగా అర్థమవుతుంది. పిల్లలకు పిల్లలు, వారికి మళ్ళీ పిల్లలు. ఎంత లోతుకు పోయినా అవే నాలుగు ప్రశ్నలు.

లోపం కూడా చెప్పాలి. సమాచారం మారినప్పుడు ఆ సంగతి పట్టికకు తెలియదు. “మళ్ళీ చదువుకో” అని ప్రోగ్రామే చెప్పాలి. చెప్పడం మరచిపోతే లోపల వాచెలియా, తెర మీద అకేసియా. ఇటువంటి మరపులను పోగొట్టడానికే రెండవ పద్ధతి పుట్టింది.

బైండింగ్ పద్ధతి

2003 అక్టోబరులో వచ్చిన మాక్ ఓఎస్ టెన్ 10.3తో కోకో బైండింగ్స్ అనే సదుపాయం వచ్చింది. బైండింగ్ అంటే కట్టివేయడం. తెర మీది గడిని సమాచారంలోని ఒక గుణానికి పేరుతో కట్టివేస్తాము. అటు మారితే ఇటు మారుతుంది, ఇటు దిద్దితే అటు దిద్దబడుతుంది. ఈ కట్టును చెప్పే పేరుకు కీ పాత్ అని పేరు. “ప్రజాతి.పేరు” అని వ్రాస్తే, ముందు ప్రజాతిని పట్టుకొని, దానిలోని పేరును పట్టుకోవాలని అర్థం. లోపల జరిగేది ఇది: సమాచారం ఏదైనా మారినప్పుడు ఆ మార్పును గమనించేవారికి కబురు వెళ్తుంది. కబురు అందిన గడి తన అక్షరాలను మార్చుకుంటుంది.

వరుస జాబితాకు, అంటే కొమ్మలు లేని పట్టికకు, ఈ పద్ధతి మెచ్చదగినది. తరగతిలోని విద్యార్థుల పేర్లు, మార్కులు చూపే పట్టికను అర్రే కంట్రోలరు అనే సాధనంతో దాదాపు ఒక్క వాక్యం ప్రోగ్రాము వ్రాయకుండానే కట్టవచ్చును. పేర్ల వరుసను అక్షరక్రమంలో పెట్టడం, కొన్నిటిని మాత్రమే ఏరి చూపడం కూడా అదే చేసిపెడుతుంది. ఈ విజయం చూసిన తరువాత, చెట్టుకు కూడా ఇదే సౌఖ్యం కావాలని అడగడం సహజం. 2005 ఏప్రిలులో వచ్చిన 10.4తో ట్రీ కంట్రోలరు వచ్చింది.

దీనికి మనం చెప్పవలసినది బహు కొద్ది. ఒక వస్తువు పిల్లల జాబితా ఏ పేరుతో ఉన్నదో చెప్పాలి. కావాలంటే పిల్లల సంఖ్య ఏ పేరుతో దొరుకుతుందో, ఇది చివరి ఆకు అవునా కాదా అన్నది ఏ పేరుతో దొరుకుతుందో కూడా చెప్పవచ్చును. ఆ పైన అవుట్‌లైన్ వ్యూను దీనికి కట్టివేయడమే. చిన్న వర్గీకరణను తెర మీద చూడడానికి కొద్ది నిమిషాలు చాలును. మొదటిసారి ఇది పనిచేయడం చూసిన విద్యార్థి ముఖం వికసిస్తుంది. ఆ సంతోషాన్ని మేము తక్కువ చేయము. కాని సాధనం విలువ మొదటి రోజున తేలేది కాదు. నల్లతుమ్మ చోటు మారిన రోజున తేలుతుంది.

మొదటి లోపం: అందరికీ ఒకే పేరు

ట్రీ కంట్రోలరుకు పిల్లల జాబితా పేరు ఒకటే చెప్పగలము. చెట్టులోని ప్రతి వస్తువూ, ఏ మెట్టున ఉన్నా, తన పిల్లలను ఆ ఒక్క పేరుతోనే చూపించాలి. వృక్షశాస్త్రంలో కుటుంబానికి ఉండేవి ప్రజాతులు, ప్రజాతికి ఉండేవి జాతులు. ఉపాధ్యాయుడు తన సమాచారాన్ని ఈ పేర్లతోనే వ్రాసుకుంటాడు. ఆ పేర్లు చదివినవారికి అర్థం చెబుతాయి. కట్టు కోసం వాటన్నిటికీ “పిల్లలు” అనే మారుపేరు పెట్టవలసి వస్తుంది. చూపే పట్టిక కోసం సమాచారం వేషం మార్చుకోవడమన్న మాట. ఇది పెద్ద నేరం కాదు, చిన్న ఉపాయంతో సరిపోతుంది. అయినా రీన్‌స్కౌగ్ వేరుచేసిన రెండు భాగాలలో ఒకటి మరొకదాని మాట వినవలసి వచ్చిందని గమనించాలి.

రెండవ లోపం: నిశ్శబ్దం

బైండింగ్ పనిచేసేది కబురు మీద. కబురు వెళ్ళేది మార్పు సరైన ద్వారం గుండా వచ్చినప్పుడే. బడిలో కొత్త విద్యార్థి ప్రధానోపాధ్యాయుని గది గుండా వస్తే హాజరుపట్టీలో పేరు ఎక్కుతుంది. కిటికీ దూకి వచ్చి చివరి బల్ల మీద కూర్చుంటే ఎక్కదు. తరగతిలో ఉన్నాడు, పట్టీలో లేడు. అట్లాగే, పిల్లల జాబితాను నేరుగా చేతబట్టి అందులో ఒక జాతిని చేరిస్తే, గమనించేవారికి కబురు అందదు. లోపల నాలుగు జాతులు, తెర మీద మూడు. పొరపాటు జరిగిందని చెప్పేవారు లేరు.

కీ పాత్‌లో అక్షరదోషం ఉంటే మరొక తీరు. ఆ పేరు ఉత్త అక్షరాల వరుస. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు దాన్ని చదవదు. తప్పు బయటపడేది ప్రోగ్రాము నడుస్తూ ఆ పేరును వెతుక్కొన్నప్పుడు. ప్రశ్నోత్తరాల పద్ధతిలోనూ తప్పులు జరుగుతాయి. కాని అక్కడ ప్రతి జవాబూ మనం వ్రాసిన వాక్యమే కనుక, ఏ ప్రశ్నకు ఏ జవాబు తప్పిందో వరుసగా చదివి పట్టుకోవచ్చును. ఇక్కడ చదవడానికి వాక్యమే లేదు. వ్రాయకుండా మిగిలిన వాక్యాలను తప్పు పట్టుకొనే వేళ ఊహించుకోవలసి వస్తుంది.

మూడవ లోపం: చోటా, వస్తువా?

ఇదే అసలు విషయం. చెట్టులో ఒక వస్తువును చూపడానికి రెండు మార్గాలు ఉన్నవి. ఒకటి దాని చోటు చెప్పడం, రెండవది దానినే చూపడం. ట్రీ కంట్రోలరు ఎంపికలనూ చేర్పులనూ ఇండెక్స్ పాత్ అనే సంఖ్యల వరుసతో చెబుతుంది. ఇది చోటు చెప్పే మార్గం. లెక్క సున్నతో మొదలు.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాము. పాత వర్గీకరణలో ప్రజాతుల వరుసలో మొదటిది అకేసియా, దాని సంఖ్య 0. అందులో నాలుగు జాతులను అక్షరక్రమంలో పెట్టాము. ఆరికులిఫార్మిస్, అంటే ఆస్ట్రేలియా తుమ్మ, 0.0. కాటెచు, మన సండ్ర, 0.1. ల్యూకోఫ్లోయా, తెల్లతుమ్మ, 0.2. నిలోటికా, నల్లతుమ్మ, 0.3. ఉపాధ్యాయుడు సండ్రను ఎంచుకున్నాడు. ప్రోగ్రాము “ఎంపిక 0.1” అని ఒక చోట వ్రాసి దాచుకున్నది. ఇప్పుడు సండ్రను సెనెగాలియా క్రిందికి మార్చారు. అకేసియాలో మిగిలినవి ఒక్కొక్క మెట్టు ముందుకు జరిగాయి. 0.1 ఇప్పుడు తెల్లతుమ్మ. 0.3 అనే చోటే లేదు. దాచుకున్న చీటీని నమ్మి తొలగించే పని చేస్తే సండ్రకు బదులు తెల్లతుమ్మ పోతుంది. తెర మీద ఏ హెచ్చరికా ఉండదు, ఎందుకంటే యంత్రం దృష్టిలో ఆజ్ఞ సక్రమమైనదే.

న్యాయం కోసం ఒక మాట చెప్పాలి. తన గుండా వచ్చిన మార్పులకు ట్రీ కంట్రోలరు తన ఎంపికను తాను సవరించుకుంటుంది. ప్రమాదం దాచుకున్న చీటీలో ఉన్నది. అయితే సాధనం మన చేతికి ఇచ్చే పేరే చోటు పేరైతే, విద్యార్థి దాచుకొనేది దానినే కదా! “మూడవ బల్ల మీద రెండవవాడు” అని పిలిచే ఉపాధ్యాయుడు, పిల్లలు బల్లలు మారిన రోజున ఒకరి మార్కులు ఒకరికి వేస్తాడు. తప్పు ఉపాధ్యాయునిదే. కాని పేర్లు లేని హాజరుపట్టీని అతని చేతికి ఇచ్చినవారి బాధ్యత కూడా కొంత లేకపోలేదు.

2005లో పరిస్థితి ఇంకా ఇబ్బందిగా ఉండేది. కట్టివేసిన పట్టికను “ఈ వరుసలో ఉన్నది ఏది?” అని అడిగితే, మన జాతి వస్తువును ఇచ్చేది కాదు. దాని బదులు ట్రీ కంట్రోలరు లోలోపల తయారుచేసుకున్న ఒక నీడవస్తువును ఇచ్చేది. ఆ నీడనుంచి అసలు వస్తువుకు పోయే దారిని బహిరంగంగా చెప్పలేదు. 2007 అక్టోబరులో వచ్చిన 10.5లో ఈ లోపాన్ని సవరించారు. ఎన్‌ఎస్ ట్రీనోడ్ అని ఆ నీడకు ఒక పేరు పెట్టి, అది ఏ వస్తువుకు ప్రతినిధియో అడిగి తెలుసుకొనే వీలు ఇచ్చారు. కొమ్మను ఒక చోటినుంచి మరొక చోటికి జరపడానికి కూడా అప్పుడే ప్రత్యేకమైన ఆజ్ఞ వచ్చింది. అంతకుముందు జరపడం అంటే ఒక చోట తీసివేసి మరొక చోట కొత్తగా చేర్చడమే. రెండున్నర సంవత్సరాలలో ఈ రెండు సవరణలు రావడాన్ని మేము గుర్తించదగిన ఒప్పుకోలుగా భావిస్తున్నాము. చెట్టుకు కావలసినది చోటు ఒక్కటే కాదని తయారుచేసినవారికీ తెలిసిందన్న మాట.

పాత ప్రశ్నోత్తరాల పద్ధతి ఈ విషయంలో ఎట్లా ఉన్నది? అక్కడ పట్టిక చేతిలో ఉండేది వస్తువే. ఏ కొమ్మ తెరిచి ఉన్నదో కూడా వస్తువును బట్టే గుర్తుంచుకుంటుంది. అందుకే ప్రతి వరుసలో ఉన్న వస్తువు వేరువేరుగా ఉండాలని, మళ్ళీ చదివినప్పుడు అదే వస్తువును ఇవ్వాలని నియమం పెట్టారు. ప్రతిసారి కొత్త నకలు ఇచ్చే సమాధానకర్త ఉంటే, తెరిచిన కొమ్మలన్నీ ముడుచుకుపోతాయి. కఠినమైన నియమమే, కాని నిజాయితీ గల నియమం. “వస్తువుకు గుర్తింపు నీవు ఇవ్వాలి” అని అది ముందే చెబుతున్నది.

నాలుగవ లోపం: తెరిచి ఉన్నదని ఎవరికి తెలుసు?

ఒక కొమ్మ తెరిచి ఉన్నదా, ముడుచుకొని ఉన్నదా అన్నది సమాచారంలో భాగం కాదు. నల్లతుమ్మకు దానితో పని లేదు. అది చూచేవారి సౌకర్యం. ట్రీ కంట్రోలరుకు ఈ సంగతి తెలియదు, అవుట్‌లైన్ వ్యూకు మాత్రమే తెలుసు. ప్రోగ్రాము మూసి మరునాడు తెరిచినప్పుడు నిన్న తెరిచి ఉన్న కొమ్మలే మళ్ళీ తెరిచి ఉండాలంటే, ప్రతి వస్తువుకూ నిలకడైన గుర్తు ఒకటి ఇచ్చి, ఆ గుర్తునుంచి వస్తువును వెతికి ఇచ్చే జవాబులు వ్రాయాలి. వాటిని వ్రాయవలసినది డేటా సోర్సులోనే. కొమ్మను వేలితో లాగి మరొక చోట వదిలే సదుపాయానికీ డేటా సోర్సే కావాలి. వాక్యం వ్రాయనక్కరలేదని మొదలుపెట్టిన ప్రయాణం, తిరిగి తిరిగి పాత సమాధానకర్త గుమ్మం దగ్గరికే వచ్చింది. ఇప్పుడు విద్యార్థి రెండు పద్ధతులూ నేర్చుకోవాలి.

ఇతరుల ప్రయత్నాలు

ఈ చిక్కులు ఒక్క ఆపిల్‌వి మాత్రమే అనుకుంటే పొరపాటు. 2006 నవంబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ కోసం ఇచ్చిన డబ్ల్యుపిఎఫ్‌లో మొదటి లోపానికి మంచి పరిష్కారం ఉన్నది. కుటుంబానికి ఒక అచ్చు, ప్రజాతికి మరొక అచ్చు విడివిడిగా వ్రాసి, దేని పిల్లలు ఏ పేరుతో ఉన్నారో దానికే చెప్పవచ్చును. సమాచారం వేషం మార్చుకోనక్కరలేదు. అయితే అక్కడి ట్రీవ్యూలో ఎంచుకున్న వస్తువు ఏదో చదవవచ్చును గాని, ఫలానాదాన్ని ఎంచుకోమని బైండింగ్ ద్వారా నేరుగా చెప్పడానికి వీలులేదు. ప్రతి వస్తువులోను “ఎంచబడినదా, తెరవబడినదా” అనే గుణాలు చేర్చి, వాటికి కట్టివేయడం ప్రోగ్రామరులకు అలవాటైంది. నాలుగవ లోపం వేరే తలుపున తిరిగి వచ్చిందన్న మాట.

2020లో ఆపిల్ తన కొత్త పద్ధతియైన స్విఫ్ట్‌యుఐలో అవుట్‌లైన్ గ్రూపును ఇచ్చింది. ఇందులో పిల్లల జాబితాకు పోయే దారిని కంపైలరే పరీక్షిస్తుంది. అక్షరదోషం ఉంటే ప్రోగ్రాము తయారే కాదు. అంతకంటె ముఖ్యంగా, ప్రతి వస్తువుకూ గుర్తింపు చెప్పనిదే ఈ పట్టిక పనిచేయదు. రెండవ లోపంలో కొంతకూ, మూడవ లోపానికీ ఇది సూటియైన జవాబు. మరొక చక్కని భేదం కూడా ఉన్నది. పిల్లల జాబితా అసలే లేని వస్తువును ఆకుగా చూస్తుంది. జాబితా ఉండి అందులో ఎవరూ లేకపోతే దానిని తెరవదగిన ఖాళీ కొమ్మగా చూస్తుంది. పెట్టె లేకపోవడమూ, పెట్టె ఖాళీగా ఉండడమూ ఒకటి కావని గణితం చెప్పే ఉపాధ్యాయులు మెచ్చుకుంటారు. అయితే చెట్టు అంతటా ఒకే తరహా వస్తువు ఉండాలనే నిర్బంధం మిగిలింది. ఏ కొమ్మను తెరవాలో ప్రోగ్రామునుంచి చెప్పే ద్వారం కూడా అవుట్‌లైన్ గ్రూపు మొదట వచ్చినప్పుడు లేదు. ఆ పనికి డిస్‌క్లోజర్ గ్రూపు అనే మరొక భాగంతో కొమ్మలను చేతితో కట్టుకోవలసి వచ్చింది.

ఈ పదిహేనేళ్ళ కథను ఒక వరుసలో పెట్టి చూస్తే దిశ స్పష్టం. 2005లో వస్తువును నీడ వెనుక దాచారు. 2007లో నీడకు పేరు పెట్టారు. 2020లో గుర్తింపు లేనిదే ముందుకు సాగనివ్వలేదు. తెరను చోటుతో కట్టే పద్ధతినుంచి వస్తువుతో కట్టే పద్ధతికి ప్రయాణం సాగింది.

తీర్పు

ట్రీ కంట్రోలరును పారవేయమని మేము చెప్పడం లేదు. చెట్టు చిన్నదై, అన్ని మెట్లలోని వస్తువులు ఒకే తరహావై, మార్పులన్నీ సరైన ద్వారం గుండానే వచ్చే చోట అది శ్రమ తగ్గించే సాధనం. వాక్యాలు తక్కువైతే తప్పులూ తక్కువ అన్న దాని సమర్థకుల వాదంలో సత్యం ఉన్నది. వరుస జాబితా విషయంలో ఆ వాదాన్ని మేమూ ఒప్పుకుంటాము. చెట్టు విషయంలో మా ఆక్షేపణ ఒక్కటే. వరుస జాబితాను నేర్పిన చేతితోనే చెట్టును కూడా పట్టుకోవచ్చునని అది ఆశ పెడుతుంది. జాబితాకు పొడుగు మాత్రమే ఉన్నది. చెట్టుకు తల్లి, పిల్ల, లోతు, తెరిచి ఉండడం, చోటు మారడం అనే గుణాలు ఉన్నవి. వాటిని దాచిపెట్టే సాధనం పనిని సులభం చేస్తుంది గాని విషయాన్ని సులభం చేయలేదు.

అందుచేత పాఠశాలలో ఈ విషయం నేర్పేటప్పుడు మొదట యంత్రాన్ని ముట్టనక్కరలేదు. అట్టముక్కల మీద అకేసియా, వాచెలియా, సెనెగాలియా, నాలుగు జాతుల పేర్లు వ్రాయండి. ఒక విద్యార్థి పట్టిక, ఒక విద్యార్థి సమాధానకర్త. పట్టిక నాలుగు ప్రశ్నలే అడగాలి, వచ్చిన జవాబులను నల్లబల్ల మీద వ్రాయాలి. అది అయిన తరువాత సమాధానకర్త సండ్ర అట్టముక్కను సెనెగాలియా క్రిందికి మార్చి ఊరకుండాలి. నల్లబల్ల ఇంకా పాత కథే చెబుతూ ఉంటుంది. తరగతి మొత్తానికి అప్పుడు అడగండి: ఈ సంగతి పట్టికకు ఎవరు చెప్పాలి? ఏమని చెప్పాలి? “0.1 పోయింది” అని చెప్పడం మేలా, “సండ్ర పోయింది” అని చెప్పడం మేలా? తరువాత బైండింగ్ నేర్పితే, అది ఎవరి పనిని తాను చేసిపెడుతున్నదో, ఏ పనిని చేయకుండా విడిచిపెడుతున్నదో పిల్లలకు తెలుస్తుంది.

వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఈ నీతిని ఏనాడో గ్రహించారు. పేరు పెట్టినప్పుడు ఆ పేరుకు ఆధారంగా ఒక నమూనాను ఎండబెట్టి భద్రపరుస్తారు. పేరు మారినా, ప్రజాతి మారినా, చోటు మారినా, ఆ నమూనా మారదు. వాదం వచ్చినప్పుడు అందరూ దాని దగ్గరికే పోతారు. తెర మీద చెట్టును గీసే విద్యార్థి కూడా అంతటి జాగ్రత్త పడాలి. తాను కట్టే ముడి రెండవ కొస గట్టున ఉన్న చెట్టుకు ఉన్నదా, లేక దాని క్రింది చోటుకు ఉన్నదా అని ఒకసారి లాగి చూచుకోవాలి.